మార్వెల్లా కోసం మారిన పార్టీ

డోర్సీ ఫ్యూగేట్‌కు గడువు అనేది ఒంటికి పడని మాట. బండి లైసెన్సుకు కాలం చెల్లాక గానీ దాని సంగతి తట్టదు. పెళ్ళిరోజు మర్నాడు గానీ గుర్తురాదు. కాపురానికొచ్చిన నాటి నుంచీ అవన్నీ భార్య ఓర్లీనాయే నెత్తిన వేసుకుంది.

అందుకే మార్చిలో ఒక మధ్యాహ్నం మార్వెల్లా వీళ్ళింటి వరండాలోకి వచ్చి ఆ మాట అనగానే ఓర్లీనాకు గుండెల్లో కలుక్కుమంది.

మార్వెల్లా ఓటర్ల జాబితాలు, రికార్డులు చూసే కౌంటీ క్లర్కు పదవికి రిపబ్లికన్ల ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే లోపలి ఎన్నికలో, నిలబడింది. పెళ్ళికి ముందు డోర్సీ ఆమె వెంటే తిరిగాడని ఆ కెంటకీ లోయలో తెలియని వాళ్ళు లేరు.

"నా కోసం డెమొక్రాట్లను వదిలి మా పార్టీలోకి మారావట కదా డోర్సీ! మీ నాన్న సమాధిలోంచి లేచొస్తాడు చూడు," అని నవ్వి, కరపత్రం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

"ఎప్పుడు మారావు?" అంది ఓర్లీనా.

"క్రిస్మస్ అయ్యాక. డిసెంబరు దాటితే మే నెల ప్రైమరీలో ఆ పార్టీ ఓటు ఇవ్వరట."

"ఎవరు చెప్పారు?"

"మార్వెల్లాయే. పెట్రోలు బంకులో కలిసింది. అడిగింది. అంతే."

"బ్యాటరీలు తెస్తానని వెళ్ళావే, ఆ రోజా? అవి కూడా తేలేదు నువ్వు."

డోర్సీ కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఓటు పోతే పోయింది. ఆ మనిషి చెప్పిన గడువు ఈయనకు ఎలా గుర్తుంది? అదే ఆమెను దహించేసింది.

మర్నాడే క్లర్కు ఆఫీసుకు వెళ్ళింది. ఆ పదవికి డెమొక్రాట్లలో పోటీకి దిగిన వాళ్ళే లేరు. రిపబ్లికన్ల ప్రైమరీలో గెలిచిన మనిషే క్లర్కు.

"నన్ను రిపబ్లికన్‌గా రాయండి."

"రాస్తానమ్మా, కానీ ఈ మేలో పనికిరాదు," అంది కిటికీ వెనక అమ్మాయి. "పైగా ఇప్పుడు మారితే మీ డెమొక్రాట్ల ప్రైమరీ ఓటూ పోతుంది. రెంటికీ చెడతారు."

"ఒక్క మనిషిని ఓడించడానికమ్మా, ఒక్క ఓటు!"

"గడువు దాటాక నేనేం చెయ్యను?"

ఓర్లీనా తిన్నగా మార్వెల్లా ప్రత్యర్థి వెస్టర్ స్లోన్ ఇంటికి వెళ్ళింది. వెస్టర్ మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళకు ఆవలింతలొస్తాయి. ఆమెకూ అతనంటే పడదు. అయినా ఏప్రిలంతా అతని కరపత్రాలు పట్టుకుని చర్చి ఆడవాళ్ళ ఇళ్ళకు తిరిగింది. "ఓటు లేని నేను తిరుగుతున్నా, ఓటుండి నీకేం రోగం?" అని దెప్పి మరీ వాళ్ళను ఒప్పించింది.

పోలింగు రోజు ఇద్దరూ ఒకే బండిలో వెళ్ళారు. బడి హాల్లో ఆయనకు రిపబ్లికన్ల బ్యాలెట్టు, ఆమెకు డెమొక్రాట్ల బ్యాలెట్టు ఇచ్చారు. అడ్డుపలక వెనక వంగి నిలబడ్డ మొగుడి వీపునే చూస్తూ నిలబడింది ఓర్లీనా. ఆ పేరు దగ్గర గుర్తు పెట్టేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో చూడాలని ప్రాణం కొట్టుకుంది.

పొద్దుగూకాక వెస్టర్ ఫోన్ చేశాడు. కొద్ది తేడాతో గెలిచాడట. "అంతా నీ చలవే," అన్నాడు.

ఆమె ఆనందం వంటింటి గుమ్మం దాకానే. డోర్సీ బీన్స్ గిన్నె ముందు కూర్చుని చెంచా తిప్పుతున్నాడు. మొక్కజొన్న రొట్టె ముట్టనేలేదు.

"ఆవిడ ఓడిందని తిండి మానేస్తావా?"

"పాపం, చాలా తిరిగింది," అన్నాడు తలెత్తకుండా.

ఆ 'పాపం' ఆమెకు ముల్లులా దిగింది. ఆవిడ గెలిచి ఉంటే ఆయన రెండ్రోజులు సంబరపడి మర్చిపోయేవాడేమో! ఇప్పుడా మనిషి మీద జాలిని తనే తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టింది.

"నేను పోటీకి నిలబడి ఉంటే నా కోసం పార్టీ మారేవాడివా?"

డోర్సీ చెంచా కింద పెట్టాడు. "మారేవాణ్ణే. కానీ నువ్వు అడగవు ఓర్లీనా. చెప్తావు. ఆవిడ అడిగింది."

ఓర్లీనా ఆయన ముందున్న గిన్నె తీసుకెళ్ళి, బీన్స్ మళ్ళీ వేడి చేయడానికి పొయ్యి మీద పెట్టింది. తినమని చెప్పాలో, తింటావా అని అడగాలో తేలక పొయ్యి దగ్గరే నిలబడిపోయింది.