కంట్రోల్ ఏది?

"మరి కంట్రోల్ ఏది?" అని మేఘన అడగ్గానే నవత ముఖం వెలిగిపోయింది. ఆ యూనివర్సిటీ ల్యాబ్‌లో తనకు తెలిసిన మాట వినపడటం అదే మొదటిసారి మరి.

"మా గల్లీ చివర్ననే ఉంది మేడం. గీ నెల బియ్యం గూడ వచ్చినయ్."

మేఘన అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. నాంపల్లి సర్కారు బడి నుంచి వచ్చే నవతలాంటి తొమ్మిదో తరగతి పిల్లలకు శనివారాల్లో పరిశోధన అంటే ఏమిటో చూపించే పని ఆమెది. తాతగారు గుంటూరు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డా, వాళ్లింట్లో రేషన్ షాపును రేషన్ షాపే అంటారు. దాన్ని ఈ పిల్లలు కంట్రోల్ అంటారని పాపం ఆమెకేం తెలుసు? గోలలో సగమే విని, "సరే, వచ్చే వారం అది కూడా తీసుకురామ్మా" అంది.

ఎవరి ప్రయోగం నిలబడితే వాళ్లు ఎండాకాలం సెలవులన్నీ ఆ ల్యాబ్‌లో పనిచేయొచ్చు. ఒక్కరికే అవకాశం. మైక్రోస్కోప్ కింద బియ్యం పురుగును చూసిన రోజు నుంచి నవతకు అదే ధ్యాస. అంత చిన్న ప్రాణికి అంత పొడుగు ముక్కా! దాంతో గింజకు చిల్లు పెట్టి లోపల గుడ్డు పెడుతుందట. లోపల ఇంకేం చేస్తుందో చూడకుండా ఉండటం ఆమె వల్ల కాదు.

వేపాకు వేస్తే బియ్యానికి పురుగు పట్టదని చూపించాలన్న నవత ప్రయోగానికి మూలం పెద్దమ్మ యాదవ్వ. అబిడ్స్‌లో ఒక హాస్టల్లో వంట చేసే యాదవ్వ ఉస్మాన్‌గంజ్‌లో బియ్యం కొని, ఇంట్లో డబ్బాలో వేపాకు వేసి ఉంచుతుంది. ఒక్క పురుగు రాదు. ఈ విషయంలో గల్లీ అంతటికీ ఆమె మాటే వేదం.

మరుసటి శనివారం నవత రెండు సీసాలు బల్లమీద పెట్టింది. ఒకదాంట్లో పెద్దమ్మ బియ్యం, వేపాకు. రెండోదాంట్లో రేషన్ బియ్యం, నిండా పురుగులు.

"సూడున్రి మేడం! వేపాకు దాంట్ల ఒక్కటి లేదు. కంట్రోల్ల గిన్ని!"

మేఘనకు విషయం అర్థమై నవ్వాగలేదు. పిల్లలూ గొల్లుమన్నారు. వెంటనే ఆమె నొచ్చుకుంది.

"తప్పు నాదేనమ్మా, సరిగ్గా చెప్పలేదు. ఇక్కడ కంట్రోల్ అంటే వేరే బియ్యం కాదు. అదే బియ్యం, అదే సీసా. ఆకు ఒక్కటే ఉండదు. పురుగుని ఆపింది ఆకో, ఇంకోటో అప్పుడే కదా తెలిసేది!"

నవతకు ఏడుపొచ్చింది. అయినా ఇంటికెళ్తూ మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు నుంచి నడుస్తున్నా బుర్రంతా ఆ ఆకు చుట్టూనే తిరిగింది.

ఈసారి పెద్దమ్మ బియ్యాన్నే రెండు సీసాల్లో పోసి, ఒకదాంట్లో ఆకు వేసి, ఆకు లేనిదే కంట్రోల్ అని పెద్దమ్మకు చెప్పి, రెండింట్లోనూ సమానంగా పురుగుల్ని వదిలి గుడ్డ కట్టింది. నెల తిరిగేసరికి రెండు సీసాల్లోనూ పురుగుల జాతరే.

ఆకు సీసాలోవి ఏరి పారేస్తే ఎవరికి తెలుస్తుంది? ఒకదాన్ని తీసింది కూడా. అది వేలిమీద నిలబడి ముక్కు ఊపింది. నవత సిగ్గుపడి, దాన్ని మళ్లీ సీసాలోనే వేసింది.

"నా ఆకు పనిచెయ్యదంటవా?" యాదవ్వకు కోపమొచ్చింది. "మరి నా డబ్బాల ఎందుకు వస్తలేవే?"

నవత డబ్బా మూత పట్టుకుని లాగింది; అది ఓ పట్టాన రాలేదు.

శనివారం నవత ఆ సీసాల్ని ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్లింది. "ఆకు పనిచెయ్యలే మేడం. గని మా పెద్దమ్మ డబ్బాల పురుగు వస్తలేదు. ఎందుకో తెల్వదు. మూత బిర్రుగుంటది, గందుకే కావచ్చు. మూత పెట్టి ఒకటి, తీసి ఒకటి సూడాలె."

మేఘన ఆ సీసాల్ని ఎత్తి వెలుతురులో చూసింది. "అందరూ నాకు జవాబులు తెచ్చారు. ఎందుకో తెలీదని చెప్పింది నువ్వొక్కదానివే. సెలవుల్లో వచ్చెయ్."

నవత సంతోషం పట్టలేక నాంపల్లి దాకా దాదాపు పరుగే పెట్టింది. ఇంట్లో యాదవ్వ బియ్యం ముందేసుకుని కూర్చుంది. పక్కన రెండు డబ్బాలు. ఒకదాంట్లో వేపాకు ఉంది, రెండోదాంట్లో లేదు.

"గిదేంది పెద్దమ్మా?"

యాదవ్వ రెండో డబ్బా మూత గట్టిగా నొక్కింది.

"కంట్రోల్."