అమదోర్ గొంతు

అమదోర్ రెబోయో నూటెనభై సినిమాల్లో కనిపించాడు. అందులో నూట డెబ్బై సినిమాల్లో గొంతు నాది.

మనిషి ఆరడుగుల పైమాటే, గుబురు కనుబొమలు. నోరు విప్పితే మాత్రం పగిలిన ఈల ఊదినట్టుండేది. పైగా స్పెయిన్ దక్షిణాన హాయెన్ కొండల యాస. యాభైమూడులో, మాడ్రిడ్‌లో అతని మొదటి సినిమాకే నిర్మాత తల పట్టుకుని, డబ్బింగ్ థియేటర్లో ఖాళీగా కూర్చున్న నన్ను పిలిచాడు. అప్పట్నించి అతను దొంగైనా, సార్జెంటైనా, పెళ్లికూతురి తండ్రైనా మాట్లాడింది నేనే. అల్మెరియా ఎడారిలో పొద్దున ఒక సినిమాలో చచ్చి, మధ్యాహ్నానికి పక్క సెట్లో ఇంకో సినిమా గుర్రమెక్కేవాడు.

ఊళ్లో ఉంటే మా వీధి బార్లో కలిసేవాళ్లం.

"ఒరేయ్ బెర్నబే, ఇవాళ నా గొంతెలా ఉంది?" అనేవాడు.

"జలుబు చేసింది."

"కాఫీలో కాస్త బ్రాందీ పోయించుకో. రేపు కోర్టు సీన్లో నేను అరవాలి."

బారంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు. కానీ వీధిలో ఎవరైనా "అయ్యా, ఒక్క డైలాగ్ చెప్పరూ" అంటే, టోపీ ఎత్తి, పెదవి విప్పకుండా వెళ్లిపోయేవాడు.

డెబ్బైతొమ్మిదిలో మార్గా అనే కొత్త దర్శకురాలు అతనికి ఆలివ్ తోటల్లో పనిచేసే ముసలి కూలీ వేషం ఇచ్చింది. "మీ గొంతే కావాలి" అందట. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా కూర్చున్నాడు.

"నీలా మాట్లాడ్డం నేర్పరా."

"ఎందుకు? ఆవిడ అడిగింది నిన్ను కదా."

"జనం నవ్వుతారు."

"నవ్వనీరా. ఇన్నేళ్లూ ఇద్దరం కలిసి వాళ్లని భయపెట్టాం కదా."

పైకి అలా అన్నానే గానీ లోపల మంటగానే ఉంది. నాకు పనికేం కొదవ లేదు. కానీ తెర మీద నాకున్న ఆ ఒక్క మొహాన్నీ ఎవరో పట్టుకుపోతున్నట్టనిపించింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

మొదటి ఆటకి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. తెర మీద అమదోర్ "కాసిని నీళ్లు పోయమ్మా" అనగానే హాలు గొల్లున నవ్వింది. నేను సీట్లో కిందికి జారాను. తర్వాత భార్య చనిపోయే సీను. ఆ కీచు గొంతుతోనే ఆవిణ్ణి పేరు పెట్టి మూడుసార్లు పిలిచాడు. ఒక్కరూ నవ్వలేదు. నా పక్కనావిడ చేతిరుమాలు తీసింది. ఎంత సాధన చేసినా ఆ పిలుపు నాకు వచ్చేది కాదు.

అతను లోపలికే రాలేదు. ఆట అయి నేను బయటికొచ్చేసరికి రోడ్డుకి అవతల సిగరెట్ కాలుస్తూ నిలబడ్డాడు.

"నవ్వారా?"

"మొదట నవ్వారు."

"తర్వాత?"

"ఏడ్చారు. నేనూ ఏడ్చాను."

నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ ముద్దు పెట్టాడు. "ఇన్నాళ్లూ నీ వెనక దాక్కున్నానురా" అన్నాడు.

ఇంకో తొమ్మిది సినిమాలు సొంత గొంతుతోనే చేసి, ఎనభైఎనిమిదిలో పోయాడు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో పాత సినిమాలు వేస్తారు. మా ఆవిడ ఒబ్దూలియా "ఇదిగో, మీ అమదోర్ వచ్చాడు" అని వంటింట్లోంచి కేకేస్తుంది. వెళ్లి కూర్చుంటాను. గుర్రం మీద నిండు వయసులో అతను, అతని నోట్లో నిండు వయసులో నేను. ఇద్దరం కలిసి ఎవణ్ణో బెదిరిస్తూ ఉంటాం. సినిమా అయ్యేదాకా లేవను.