మిషన్‌కు దొరకని ట్యూనింగ్

ధర్మేందర్‌కు బండి నడపడం వచ్చు. బండి గురించి మాట్లాడడం అంతకన్నా బాగా వచ్చు. తొర్రూరు బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో పొద్దున పూట అతని మాటలు విన్న కొత్తవాళ్లు, ఈయనకు ఏదో కార్ల ఫ్యాక్టరీలో వాటా ఉందనుకుంటారు. నిజానికి అతనికి ఉన్నది ఒక తెల్ల పికప్. అదీ అతనిది కాదు. మహిళా సంఘం లోను మీద కొన్న బండి కాబట్టి ఆర్సీ అతని భార్య సుమ పేరున ఉంది. ఈ సంగతి అతను హోటల్లో చెప్పడు, సుమ ఇంట్లో ఎత్తదు. సంసారం సాఫీగా నడుస్తోంది.

జనగామ మిల్లులో కోళ్ల దాణా ఎత్తుకొని రేగొండ, భూపాలపల్లి వైపు ఫారాలకు చేర్చడం ఆ బండి పని. ఇల్లు నడిచేది దాని మీదనే. అందుకని బండి కొన్న వారంలోనే సుమ వారంటీ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. మహబూబాబాద్ కాలేజీలో బీకాం చదివేటప్పుడు కూడా ఏ పుస్తకాన్నీ అంత శ్రద్ధగా చదవలేదు. ముప్పై ఏడో పేజీలో ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత కూడా గీసింది. ఇంజిన్ కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్లు మారిస్తే వారంటీ చెల్లదు, ఇంజిన్‌కు ఏమైనా ఖర్చంతా యజమానిదే అని ఆ వాక్యం. ధర్మేందర్ ఆ పుస్తకం మీది ప్లాస్టిక్ కవర్ చింపలేదు కాబట్టి, చింపింది సుమే కాబట్టి, అతనికి సంబంధించినంత వరకు ఆ వాక్యం లేదు.

అటువంటి ధర్మేందర్‌కు జనగామలో సంజీవ తగిలాడు.

సంజీవ మెకానిక్ కాదు, ట్యూనర్. ఆ తేడా అతనే చెబుతాడు. ఇంజిన్ కంప్యూటర్‌లో ఫైలు మార్చి బండికి ఊపు పెంచుతానంటాడు. ధర్మేందర్ అతని దగ్గరికి బయల్దేరిన రోజు సుమ చిన్నమ్మను చూడడానికి జనగామ వస్తూ బండిలోనే ఉంది. దారిలో ముప్పై ఏడో పేజీ సంగతి చెప్పింది. అవన్నీ జనాన్ని భయపెట్టడానికి కంపెనీ వాళ్లు రాసుకుంటారని ధర్మేందర్ కొట్టిపారేశాడు. ఏమన్నా అయితే తాను లేడా అన్నాడు. ఏమన్నా అయినప్పుడు అతను ఉండడమే కదా ఇబ్బంది అని సుమ అనుకుంది గాని, అనలేదు.

షాపు అద్దాల గదిలా తళతళలాడుతోంది. ఎక్కడా ఒక్క నూనె చుక్క లేదు, ఒక్క స్పానర్ లేదు. గోడ మీద ఏదో దేశపు పెద్ద ట్రక్కు బొమ్మ ఉంది. దాని చక్రాలే సుమ వాళ్ల ఇంటి తలుపంత ఉన్నాయి. సంజీవ నల్ల టీషర్టు వేసుకొని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని వచ్చాడు. చేతి గోళ్లు పెళ్లికొడుకు గోళ్లలా ఉన్నాయి.

కంపెనీ వాళ్లు గుర్రానికి కాళ్లు కట్టి అమ్ముతారని, తాను చేసేది ఆ కట్లు విప్పడమేనని అతను వివరించాడు. స్టేజ్ వన్ అందరికీ సరిపోతుందట. స్టేజ్ త్రీకి ఇంజిన్ విప్పాలట. ధర్మేందర్‌ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "నీ డ్రైవింగ్‌కు స్టేజ్ టూ కావాలె అన్నా" అన్నాడు. అతను నడపగా సంజీవ చూసింది షాపు ముందు బండి ఆపడం ఒక్కటే. అయినా ధర్మేందర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సంజీవ డ్రైవర్ సీట్లో కూర్చొని స్టీరింగు కింద ఎక్కడో వైరు గుచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద పచ్చ గీతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. మూలన అంకెలు పెరుగుతున్నాయి. సుమ సంచి ఒళ్లో పెట్టుకొని పక్క సీట్లోనే కూర్చొని చూసింది. ధర్మేందర్ బయట నిలబడి, తాళంచెవి గుత్తిని చూపుడు వేలికి గిరగిరా తిప్పుతూ, తండాలో ఉండే స్నేహితుడు టీక్యాకు ఫోనులో అంతా వర్ణించి చెప్పాడు. ఫైలు సగం ఎక్కింది, ముప్పావు ఎక్కింది, అయిపోయింది అని. ఇరవై నిమిషాల సేపు ఆ గుత్తి తిరుగుతూనే ఉంది. సుమకు అద్దంలోంచి అదీ కనిపించింది.

డబ్బు తీసుకున్నాక సంజీవ వెనకద్దానికి ఎర్రగా 'స్టేజ్ 2' అని స్టిక్కర్ ఉచితంగా అంటించాడు.

తిరుగు దారిలో ధర్మేందర్ ఆనందానికి హద్దు లేదు. బండి ఊపిరి తీసుకుంటోందన్నాడు. చెవి పెట్టి వినమన్నాడు. సుమ చెవి పెట్టలేదు, కిందికి చూసింది. మునుపు ఆక్సిలరేటర్ మీద అతని కాలు చంటిపిల్ల ఒంటి మీద వేసినంత మెత్తగా ఉండేది. ఇప్పుడు తేలును చంపుతున్నట్టుంది. అంత తొక్కితే ఇదివరకు కూడా ఊపిరి తీసుకునేదేమోనని ఆమెకు అనుమానం వచ్చింది.

ఆ నెలంతా పికప్ గాలిలో పోయింది. రేగొండలో పోశయ్య ఫారానికి మునుపటికన్నా అరగంట ముందే చేరేది. పోశయ్య మాత్రం ఎప్పటిలాగే ఎనిమిదింటికి వచ్చి గేటు తీసేవాడు. ఆ అరగంటా ధర్మేందర్ గేటు బయట బానెట్‌కు ఆనుకొని నిలబడి, ఎంత తొందరగా వచ్చాడో నలుగురికీ ఫోన్లు చేసి చెప్పేవాడు. లోపల కోళ్లకు కూడా ఈ దాణా స్టేజ్ టూలో వచ్చిందని తెలిసినట్టు లేదు. ఎప్పటంతే తిన్నాయి.

ఐదో వారంలో ఒక పొద్దున ఫోను వచ్చింది. ధర్మేందర్ గొంతు లోపల ఎక్కడో ఉంది. పోశయ్య ఫారానికి రెండు కిలోమీటర్ల ఇవతల బండి నల్లటి పొగ కక్కి, డ్యాష్‌బోర్డు మీద లైటు వేసి, ఇరవై స్పీడుకు మించి కదలనంటోందట. పోశయ్య ట్రాక్టరు పంపి దాణా దించుకున్నాడట. సర్వీస్ సెంటరుకు ఫోను చేస్తే, భూపాలపల్లికి ఎత్తుకుపోతాం గాని వారంటీలో చూడాలంటే ఆర్సీ ఎవరి పేరున ఉందో వాళ్లు వచ్చి సంతకం పెట్టాలన్నారట. ఫోను పెట్టేముందు అతను ఒక మాట గొణిగాడు. ఇంజెక్టర్లు, టర్బో పోయి ఉంటే లక్ష దాటుతుందట.

సుమ వారంటీ పుస్తకం సంచిలో పెట్టుకుంది. గడప దాటబోతూ ఆగి, వంటింట్లోకి వెళ్లి అట్లకాడ కూడా పెట్టుకుంది.

రెండు బస్సులు మారి రేగొండ చేరేసరికి ధర్మేందర్ రోడ్డు పక్కన, జ్వరం వచ్చిన పిల్లవాడి పక్కన కూర్చున్నట్టు, బండి పక్కన కూర్చొని ఉన్నాడు. ఆమె పలకరింపులు పెట్టుకోలేదు. చాయ్ బండి నుంచి వేడినీళ్లు అడిగి తెచ్చి, వెనకద్దం మీద పోసి, అట్లకాడతో స్టిక్కర్ గీకడం మొదలుపెట్టింది. ధర్మేందర్ అడ్డం రాలేదు. ఛాతీ మీది మెడల్ పీకుతుంటే నిలబడ్డ సిపాయిలా చూస్తూ ఉన్నాడు.

"ఆడ ఒక్క ముచ్చట గుడ మాట్లాడకు," అంది సుమ గీకుతూనే. "సంజీవ లేడు, స్టేజ్ లేదు. అడిగితె నేను చెప్త."

అతను తల ఊపాడు.

అబద్ధమాడడం సుమకు అలవాటు లేని పని. సర్వీస్ సెంటరు బండి వచ్చి పికప్‌ను ఎత్తుకుపోతుంటే ముందు సీట్లో కూర్చొని, దారి పొడవునా ఆ అబద్ధాన్ని మనసులో అప్పజెప్పుకుంటూనే ఉంది. అది బయటపడితే రిపేరు తమ మీద పడుతుంది. బండి షెడ్డులో ఉండిపోతుంది. కిస్తీ మాత్రం నెలనెలా సంఘం మీటింగులో ఆమెనే పేరు పెట్టి పిలుస్తుంది.

భూపాలపల్లి సర్వీస్ సెంటర్లో వెంకట్ అనే అడ్వైజర్ చేతిలో పలకలాంటి మిషన్ పట్టుకొని వచ్చాడు. వైరును అదే చోట, స్టీరింగు కింద గుచ్చాడు. కాసేపు చూసి తల బయటపెట్టాడు.

"కీ ఆన్ చెయ్యిన్రి అన్నా. కీ ఆన్ ల్యాకుంటె బండి మాట్లాడది. మా మిషన్‌కే కాదు, ఏ మిషన్‌కైన."

ధర్మేందర్ వేలికున్న గుత్తి తీసి తాళం తిప్పాడు. సుమ ఆ గుత్తిని చూసింది. ఆ రోజు జనగామలో ఇరవై నిమిషాలు బండికి కాక వేలికే ఉండి గిరగిరా తిరిగిన గుత్తి. ఆమె అరికాళ్ల నుంచి ఏదో తేలిక పైకి పాకింది. తేలికతో పాటు నవ్వూ వచ్చింది. నవ్వును మింగడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకట్ అది చూసి ఏడుస్తుందనుకొని, భయపడొద్దు మేడం అన్నాడు.

పది నిమిషాల తర్వాత తేల్చాడు. ఒక ఇంజెక్టర్‌లో కంపెనీ లోపమే ఉంది. దానివల్లే పొగ, దానివల్లే ఈ తిప్పలు. టర్బో బాగానే ఉంది. మొత్తం వారంటీలోనే వస్తుంది.

"సాఫ్ట్‌వేర్ గుడ చెక్ జేసిన మేడం. కంపెనీదే ఉన్నది. ఎన్నిసార్లు మార్చిన్రో బండిలనే లెక్క ఉంటది. సున్నా ఉన్నది. పుట్టినకాడికెల్లి ఎవ్వలు ముట్టలే."

సుమ పెన్ను కోసం సంచిలో చెయ్యి పెట్టింది. అప్పుడు వినిపించింది ధర్మేందర్ గొంతు.

"మంచిగ చూసినవా?"

"చూసిన అన్నా."

"మల్లొక్కసారి వెట్టి చూడు. మీ మిషన్ పాతదున్నట్టున్నది."

సుమ అతని కాలు తొక్కింది. బలంగానే తొక్కింది. కానీ రోడ్డు మీద స్టిక్కర్ పోయినప్పుడు ఊరుకున్న మనిషి ఇప్పుడు ఊరుకోలేకపోయాడు. వారంటీ పోతుందంటే నోరు కట్టుకొని వచ్చాడు గాని, తన బండి మామూలు బండి అనిపించుకోవడానికి సిద్ధపడి రాలేదు. మీకు తెలియని పనులు కూడా ఉంటాయి తమ్మీ, బండి ఎట్లా పోతుందో నడిపేవాడికి తెలుస్తుంది అంటూ మొదలుపెట్టాడు. వెంకట్ పెన్ను ఆగింది. చూపు మారింది.

"ఎందుకన్నా? ఏమన్న చేపిచ్చిన్రా?"

లక్ష రూపాయల ప్రశ్న అది. అవునంటే బండి షెడ్డుకే, కాని ఐదు వారాల గొప్ప నిలబడుతుంది. కాదంటే బండి ఇంటికే, కాని ఐదు వారాలూ కంపెనీ బండినే తొక్కి తొక్కి నడిపినట్టు. ధర్మేందర్ పెదవులు రెండు మాటలకూ సిద్ధమై మధ్యలో ఆగాయి.

"నిమ్మకాయ కట్టిచ్చిండు," అంది సుమ. "ముందట నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు. గంతే చేపిచ్చింది."

అబద్ధమాడడానికి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి, పచ్చి నిజం చెప్పి కూర్చుంది.

వెంకట్ నవ్వి భర్త వైపు చూశాడు. ధర్మేందర్ పొలం రాసిచ్చేవాడిలా నేల చూపులు చూశాడు.

"అవు," అన్నాడు. "నిమ్మకాయనే."

సుమ మూడు చోట్ల సంతకం పెట్టింది. సాఫ్ట్‌వేర్ మార్పు ఏదీ లేదు అని రాసి ఉన్న జాబ్‌కార్డు నకలు అడిగి తీసుకొని వారంటీ పుస్తకంలో ముప్పై ఏడో పేజీ దగ్గర పెట్టుకుంది.

తిరుగు బస్సులో పరకాల దాకా ధర్మేందర్ తల దించుకొని కూర్చున్నాడు. పరకాల దాటాక కిటికీలోంచి చూస్తూ ఏదో ఆలోచించడం మొదలుపెట్టాడు. హన్మకొండ వచ్చేసరికి మొహం మళ్లీ వెలిగింది.

"సంజీవ పని ఎంత సాఫ్‌గ ఉన్నదో చూసినవా?" అన్నాడు. "కంపెనీ మిషన్‌కే దొరకలే."

మర్నాటికి చాయ్ హోటలంతా ఇదే మాట. మిషన్ మీద మిషన్ పెట్టి మూడుసార్లు చూశారని, చూసినవాడికి చెమటలు పట్టాయని ధర్మేందర్ చెప్పాడు. రెండు రోజులకు బండి బాగై వచ్చింది. ఆ వారంలోనే ఇద్దరు డ్రైవర్లు జనగామ వెళ్లి సంజీవ దగ్గర స్టేజ్ టూ వేయించుకొచ్చారు. మా బండ్లూ ఊపిరి తీసుకుంటున్నాయని ప్రమాణం చేశారు.

ఆదివారం టీక్యా వచ్చాడు. కొత్త పికప్ తెచ్చి ఇరవై రోజులు కాలేదు. అదీ సంఘం లోను మీదిదే, ఆర్సీ అతని భార్య గోరీ పేరున ఉంది. మర్నాడు పొద్దున జనగామ పోదామని, ధర్మేందర్ వెంట ఉంటే సంజీవ మంచిగా చూస్తాడని వచ్చాడు. ధర్మేందర్ వాకిట్లో కుర్చీ వేసుకొని, తాళంచెవి గుత్తి వేలికి తిప్పుతూ, గుర్రానికి కాళ్లు కట్టి అమ్ముతారనే సంగతి సొంతంగా కనిపెట్టినట్టు చెబుతున్నాడు.

సుమ చాయ్ గ్లాసులు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది.

"టీక్యన్నా, పోతె పోయిరా గని ఒక్కటి యాద్వెట్టుకో," అంది. "ఫైలెక్కిచ్చేటప్పుడు తాళంచెవి బండికే ఉండాలె, ఆన్ల ఉండాలె. ల్యాకుంటె ఏ మిషన్‌కు బండి మాట్లాడదట. భూపాలపల్లిల చెప్పిన్రు."

టీక్యా గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపాడు.

"మీ బండికి ఎక్కిచ్చేటప్పుడు తాళంచెవి యాడుండె వదినే?"

సుమ జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. టీక్యా కళ్లు అప్పటికే ధర్మేందర్ చూపుడు వేలి మీదున్నాయి. ఆ వేలి చుట్టూ తిరుగుతున్న గుత్తి మెల్లమెల్లగా నెమ్మదించి, ఒకసారి ఊగి, ఆగిపోయింది.

"గోరీనడిగి చెప్త," అని టీక్యా చాయ్ తాగేసి లేచాడు.

సుమ ఖాళీ గ్లాసులతో పాటు తాళంచెవి గుత్తిని కూడా ధర్మేందర్ వేలి నుంచి తీసుకొని, లోపల గోడకున్న మేకుకు తగిలించింది.