గళ్ళ స్లిప్పర్లు

దేవదానంగారు బకెట్ చంకన పెట్టుకుని చర్చి మెట్ల మీద ఉప్పు చల్లుతున్నారు. రాత్రంతా కురిసిన మంచు తెల్లారేసరికి గట్టిపడి, మెట్ల అంచుల్లో గాజుపెంకులా మెరుస్తోంది. ఒక మెట్టు మీద చల్లి, బూటు మడమతో నొక్కి చూసి, జారదని నమ్మకం కుదిరాకే కింది మెట్టుకు దిగుతున్నారు. రేపు క్రిస్మస్. వచ్చేవాళ్ళంతా ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూను. ఎవరైనా పడి తుంటి విరిగితే? ఈ మంచులో అంబులెన్సు ఎప్పటికొచ్చేను?

"గ్లవ్స్ ఏవండీ?" పక్కనే పాస్టరు కుటుంబం ఉండే వికరేజ్ గుమ్మంలోంచి పుష్పలీల కేకేసింది. "ఆ ఉప్పుకి వేళ్ళు పగిలితే రేపు రొట్టె విరవడానికి కూడా పనికిరావు."

"అయిపోయింది పుష్పా. నువ్వు లోపలికెళ్ళు, చలి."

"నేను లోపలికెళ్తే, మీరు పడితే చూసేదెవరు?"

ఆయన నవ్వారు. పెళ్ళయిన కొత్తలో ఈ భయాలన్నీ భార్యవే. ఇంగ్లండులోని ఈ లీసెస్టర్ వచ్చాక, మధ్యాహ్నానికే దిగిపోయే ఈ చీకట్లు చూశాక, అవి ఆయనకీ అంటుకున్నాయి.

సన్నటి మనిషి. తెల్ల కాలర్ మెడకి వదులై, గుటక వేసినప్పుడల్లా పైకీ కిందికీ కదులుతుంది. రేపల్లె దగ్గర చిన్న సంఘంలో ఉన్నప్పుడు అందరూ 'అయ్యగారూ' అనేవారు. ఇక్కడ 'డేవ్' అంటారు. ఆయన ప్రసంగాన్ని ఎవరూ మెచ్చుకున్నదీ లేదు, తప్పుపట్టిందీ లేదు. బిషప్పుగారు ఎప్పుడు కలిసినా పేరు మళ్ళీ అడుగుతారు.

పుష్పలీల స్టీలు డబ్బా తెచ్చి చేతికిచ్చింది. మూత తియ్యకుండానే అరిసెల నేతివాసన వచ్చింది.

"ముందు హెర్బర్ట్ దగ్గరికెళ్ళి రండి. మొన్న ఆయన గుండెల్లో పిల్లికూతలు నాకే వినబడ్డాయి."

"పొద్దున్నే వస్తానని మాటిచ్చాను. వెళ్తాను. బాయిలర్ సంగతి చూసి."

"బాయిలర్ ఎక్కడికీ పోదు. ఈసారైనా మీ కాళ్ళు బాగానే ఉన్నాయని నిజం చెప్పెయ్యండి."

లోపల మెట్ల మీద కూర్చున్న కూతురు రచన తలెత్తింది. "డాడ్, డోంట్! హి లవ్స్ దోజ్ స్లిప్పర్స్."

హెర్బర్ట్ బతుకంతా ఈ ఊళ్ళోనే బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయాక ముసలివాళ్ళ కోసం కౌన్సిల్ కట్టిన ఫ్లాట్లలో ఒంటరిగా ఉంటున్నాడు. మెట్లు దిగలేడు కాబట్టి రొట్టె, ద్రాక్షారసం ఇవ్వడానికి దేవదానంగారే వెళ్తుంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు, చిన్నప్పటి అలవాటు కొద్దీ గుమ్మంలో బూట్లు విప్పేశారు. మా ఊళ్ళో ప్రార్థనకి అందరం చెప్పులు బయటే వదుల్తామని చెప్పేలోపే హెర్బర్ట్ ఆ బూట్లు చేతిలోకి తీసుకుని, లోపల వేలు పెట్టి చూసి, "ఎవడు అంటగట్టాడయ్యా నీకివి? పాపం, నీ కాళ్ళు ఎంత బాధపడుతున్నాయో!" అన్నాడు. పైవారానికి ఎర్రగళ్ళ ఉన్ని స్లిప్పర్లు సిద్ధం. రెండు సైజులు పెద్దవి. వాపు వస్తే పట్టాలిగా అన్నాడు.

ఆ మొహం చూసి దేవదానంగారికి నిజం చెప్ప బుద్ధికాలేదు. అప్పట్నించీ "కాళ్ళెలా ఉన్నాయి డేవ్?" అంటే "కాస్త నయం" అనడమే.

చర్చిని వెచ్చబెట్టే బాయిలర్ బాగుచేసే మనిషి తొమ్మిదింటికొస్తానని పన్నెండు దాటాక వచ్చాడు. దేవదానంగారు టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఇతను మధ్యలో వదిలి వెళ్ళిపోతే? చలిలో పిల్లలకి జ్వరాలొస్తే? పువ్వులు సర్దే ఆవిడ, కొవ్వొత్తుల మైనం బల్లగుడ్డ మీద కారిందని తగువు పెట్టుకుంది. ఎవరో తండ్రి సమాధి మంచులో కనబడ్డం లేదని వస్తే, పార తీసుకుని వెళ్ళి రాయి దొరికేదాకా తవ్వారు. మధ్యలో హెర్బర్ట్‌కి ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. చెవి మిషను తీసేసి కునుకు తీస్తున్నాడేమో. అంతే అయ్యుంటుంది.

మూడింటికి పిల్లల క్రిస్మస్ నాటకం. గొర్రెలకాపరి వేషం వేసిన బుడతడు బాలయేసు బొమ్మని కాలు పట్టుకుని ఈడ్చుకెళ్ళాడు. అందరూ నవ్వారు. దేవదానంగారూ నవ్వారు గానీ, కిటికీ మీంచి చూపు కదల్లేదు. మళ్ళీ మంచు మొదలైంది.

కారు కదల్లేదు. బస్సులు ఆపేశారు. అరిసెల డబ్బా, రొట్టె, ద్రాక్షారసం ఉన్న చిన్న తోలుపెట్టె పట్టుకుని హెర్బర్ట్ ఇంటికి ఎత్తురోడ్డు మీద నడిచారు. బూట్లలోకి నీళ్ళు దిగి వేళ్ళు తిమ్మిరెక్కాయి. తలుపు తియ్యగానే హెర్బర్ట్ ఏమంటాడో ముందే అనుకున్నారు. "పొద్దున్నంటే మీ ఊళ్ళో ఇదేనా డేవ్?" అంటాడు. అననీ. ఎన్ని దెప్పినా పడతాను. తలుపు మాత్రం తియ్యనీ.

తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు. అలవాటుగా బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టారు.

గది వెచ్చబెట్టే గ్యాస్ మంట బుసబుసమంటోంది. చిన్నబల్ల మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి ఉంది. హెర్బర్ట్ టై కట్టుకుని, తడిపి దువ్విన జుట్టుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెల మీద వాలింది. దేవదానంగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. గదంతా వెచ్చగా ఉంది, ఆ చెయ్యి మాత్రం చల్లబడిపోయింది.

పక్కన మోకరించారు. ఇంగ్లీషులో ఎన్నిసార్లు చదివిన ప్రార్థనో, ఒక్క ముక్కా గుర్తురాలేదు. రేపల్లెలో తండ్రి శవం దగ్గర చెప్పిన తెలుగు మాటలే నోట్లోంచి వచ్చాయి.

గోడనున్న బెల్ నొక్కితే ఆ ఫ్లాట్లు చూసుకునే వార్డెన్ పరుగెత్తుకొచ్చింది. డాక్టరుకి ఫోన్ చేసి వచ్చి, కళ్ళు తుడుచుకుంది.

"లంచ్ ఇచ్చినప్పుడు బాగానే ఉన్నాడు. మీరు ఇక రారేమో అన్నాను. 'వస్తాడు. ఈ మంచులో నడిచొస్తే కాళ్ళు ఇంకెంత నొప్పి పెడతాయో' అని, వంగలేక వంగి ఈ స్లిప్పర్లు మంట దగ్గరికి జరిపాడు."

దేవదానంగారు అప్పుడు చూశారు. వాటిలో కాళ్ళు పెట్టబోయి, ఆగిపోయారు.

"నా కాళ్ళకేమీ లేదు హెర్బర్ట్," అన్నారు మెల్లగా, కుర్చీ వైపు తిరిగి. "ఎప్పుడూ లేదు."

డాక్టరు వచ్చి వెళ్ళారు. రాత్రి ఆరాధనకి చర్చి తెరవాలి. గుమ్మంలో కూర్చుని తడి బూట్లలో కాళ్ళు దూర్చుకున్నారు. తాళ్ళు బిగుసుకుపోయి ముడి పడలేదు, అలాగే లేచారు. అరిసెల డబ్బా తెల్లగుడ్డ మీదే ఉండిపోయింది. వెనక వార్డెన్ గ్యాస్ కట్టేసింది.

మంట ఆరిన చోట, ఎవరో ఇప్పుడే వచ్చి తొడుక్కోబోతున్నట్టు పక్కపక్కనే సర్దిపెట్టిన ఎర్రగళ్ళ స్లిప్పర్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.