చిలక గొంతు నాలో ఉండేది

నేను ఒక హార్డు డిస్కును. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి పెట్టెను. నా లోపల అద్దంలా మెరిసే పలకలు గిర్రున తిరుగుతుంటాయి. వాటికి ఏమాత్రం తగలకుండా ఒక సూది పైపైనే కదులుతూ రాస్తుంది, చదువుతుంది. ఆ సూది పలకను తాకిందంటే ఇక నా పని అయిపోయినట్టే. పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. నన్ను చేసినవాళ్ల ముఖాలు కూడా నాకు తెలియవు, అందరూ మూతికి గుడ్డలు కట్టుకుని ఉన్నారు. ఓడ ఎక్కి, లారీ ఎక్కి విశాఖపట్నంలో ఒక కంప్యూటర్ల దుకాణానికి వచ్చి పడ్డాను. ఎవరివో పెళ్లి వీడియోలు మోస్తూ బతుకు వెళ్లిపోతుందనుకున్నాను. అంతలో వకుళ వచ్చి నన్ను కొనుక్కుపోయింది.

వకుళ బొమ్మల సినిమా తీస్తోంది. అక్కయ్యపాలెంలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, బొమ్మలకు నడక నేర్పే సింహాద్రిని తోడు పెట్టుకుని, తిండీ నిద్రా మానేసి తీస్తోంది. చిలకలో రాక్షసుడి ప్రాణం ఉంటుందన్న కథ మీరు చిన్నప్పుడే విని ఉంటారు. దాన్నే ఈవిడ పాటలు కట్టి తలకిందులు చేసింది. చిలకకు జలుబు చేస్తే రాక్షసుడు తుమ్ముతాడు. చిలక మిరపకాయ కొరికితే వాడు నోరు పట్టుకుని కోటంతా గంతులు వేస్తాడు. చివరికి రాకుమారుడు చిలకను పట్టుకుని మెడ విరవబోతాడు. చచ్చేముందు ఒక్క పాట పాడుకోనిమ్మని చిలక బతిమాలుతుంది. ఆ పాటకు నవ్వీ నవ్వీ రాకుమారుడి చేతిలో పట్టు జారిపోవాలి. సినిమా మొత్తం ఆ ఒక్క పాట మీదే నిలబడి ఉంది.

ఆ పాట పాడింది గవరయ్య మాస్టారు. నాటకాల్లో హార్మోనియం వాయించి ముసలివాడైన మనిషి. ముందు పళ్లు రెండు ఊడిపోయాయి. ఆ సందులోంచి గాలి ఈల వేసుకుంటూ వస్తుంటే అచ్చం చిలకే మాట్లాడినట్టు ఉండేది. పాట ఎత్తుకునే ముందు ఉంగరం వేలితో హార్మోనియం చెక్క మీద టక్, టక్ అని కొట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు అందుకునేవాడు. పాడినరోజు సింహాద్రి నవ్వు ఆపుకోలేక నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. మాస్టారి భార్య పైడమ్మ గుమ్మం దగ్గరే కూర్చుంది. తననూ లోపలికి రానిమ్మంటే ఆయన ఒప్పుకోలేదు.

“సినిమాలో ఇందువులేవే. ఇప్పుడే ఇనేస్తే అప్పుడేటి నవ్వుతావు?” అన్నాడు.

ఇంట్లో కూడా ఒక్క ముక్క పాడి వినిపించలేదట. వారం తిరక్కుండానే గుండె ఆగి పోయాడు.

ఇక మనుషుల తెలివి వినండి. పాట అయిపోగానే సింహాద్రి దాన్ని రికార్డింగు యంత్రంలోంచి నాలోకి ఎక్కించాడు. మర్నాడు డప్పుల వాళ్లు వస్తున్నారని, చోటు కోసం ఆ యంత్రంలో ఉన్నది చెరిపేశాడు. కాపీ అయిందా అని వకుళ అడిగింది. అయిపోనాది అక్కా, అన్నాడు. నాలోకి ఎక్కిందని అతని లెక్క. నాలో ఒకటి, ఇంకోచోట ఒకటి భద్రంగా ఉన్నాయని ఆవిడ లెక్క. ఒక్క మాటను ఇద్దరూ రెండు రకాలుగా పట్టుకుని, ఇద్దరూ హాయిగా భోజనానికి వెళ్లారు.

తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజ అంటే సింహాద్రికి ప్రాణం. కంప్యూటర్లకు, బొమ్మలు గీసే పలకలకు, కుర్చీలకు కూడా గంధం బొట్లు పెట్టాడు. నాకు బంతిపూల దండ వేశాడు. పనిముట్టు పని చేస్తూ ఉండగానే పూజ అందుకోవాలని అతని పట్టుదల. అందుకని నన్ను ఆన్‌లోనే ఉంచాడు. గుమ్మంలో కొబ్బరికాయ కొడితే గచ్చు పాడవుతుందని ఇంటి ఓనరు ఒప్పుకోడు. సన్నికల్లు తెచ్చి నా పక్కనే, నేనున్న బల్ల మీదే పెట్టాడు. మొదటి దెబ్బకు కాయ పగల్లేదు. పూజలో కాయ పగలకపోతే మంచిది కాదని అతనికి భయం వేసింది. రెండో దెబ్బ బలం కొద్దీ వేశాడు. బల్ల ఎగిరిపడింది, నేనూ ఎగిరిపడ్డాను, తిరుగుతున్న పలక మీద నా సూది కూలబడింది. కాయ మాత్రం చక్కగా రెండు చెక్కలైంది. అందరూ కళ్లకు అద్దుకున్నారు. నాలోంచి టక్, టక్ అని చప్పుడు వస్తోందని వకుళే ముందుగా గమనించింది. నా మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

రెండో కాపీ ఎక్కడుందని ఆవిడ అడిగినప్పుడు సింహాద్రి ముఖం చూడలేకపోయాను. రెండోది ఏదక్కా, అన్నాడు.

నన్ను దూదిలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వకుళ హైదరాబాదు తీసుకెళ్లింది. పోయిన సమాచారం బయటికి తీసే వాళ్లు నన్ను విప్పి, సూది మార్చి, ఏవేవో తంటాలు పడి, పలకలన్నీ గీసుకుపోయాయి, ఇక ఏమీ రాదు అని తేల్చేశారు. ఆవిడ గొడవ పడలేదు. ఇంకోసారి చూడమని మాత్రం అడుగుతూనే ఉంది. పక్కవాళ్లు తమ వంతు రావాలని విసుక్కునేదాకా అడిగింది. అయితే ఒక అంచున, వాళ్ల యంత్రానికి అందనిచోట, ఆఖరి చరణం చెక్కు చెదరకుండా ఉంది. ఉందమ్మా, ఉంది, ఇంకొక్కసారి వెతకమను అని నా ప్రాణం కొట్టుకుంది. నాకు నోరేది? ఆవిడ నన్ను మళ్లీ దూదిలో చుట్టేసింది.

బొమ్మలన్నీ కంప్యూటర్లలో ఉన్నాయి. నాతోపాటు పోయిన మిగతా పాటలు మళ్లీ పాడించారు. చిలక పాట దగ్గరే బండి ఆగిపోయింది. పాడడానికి వచ్చినవాళ్లంతా బాగానే పాడారు. నవ్వు మాత్రం ఎవరికీ రాలేదు. వకుళ ఒకరి తర్వాత ఒకరికి దండం పెట్టి పంపించేసింది. పనిలేని గదిలో బొమ్మ చిలక నోరు తెరిచి అలాగే తెర మీద ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. సినిమా ఎప్పుడమ్మా అని అడిగింది. వకుళ దాచలేదు. కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పి, ఆ ముసలమ్మ మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. సింహాద్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పైడమ్మ నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందులోనే ఉన్నాడా మా మావ?” అంది. “ఒక్కపాలి పెట్టమ్మా.”

రాదని వాళ్లు ఎంత చెప్పినా వినలేదు. చచ్చిపోయిన డిస్కుకు ఇంకా పోయేదేముందని వకుళ కరెంటు ఇచ్చింది. పలకలు తిరగడం మొదలుపెట్టాయి. సూది దిగింది. టక్, టక్.

పైడమ్మ నన్ను చెవికి ఆనించుకుంది. ఆ ముఖం నెమ్మదిగా విప్పారింది.

“తాళం ఏస్తన్నాడమ్మా. ఇంక ఎత్తుకుంతాడు, సూడు.”

అక్కడే నా కర్మ కాలింది. ఆ టక్ టక్‌మనే సూదే ఆ అంచు మీదికి జారి, మిగిలిన ఆ ఆఖరి చరణాన్ని చెక్కేస్తోంది. ఆవిడ వింటున్నంతసేపూ పాట పొడి అయిపోతూనే ఉంది. ఆపండి, ఆపండి అని నాలో నేను మొత్తుకున్నాను. ఎంతకీ ఎత్తుకోకపోయినా ఆవిడ కళ్లు మూసుకుని, ఒళ్లో వేలితో తాళం కలుపుతూ, ఇంకాసేపు ఉంచమని సైగ చేసింది. ఇంకాసేపు ఉంచారు.

ఆ చప్పుడునే సినిమాలో పెట్టింది వకుళ. చిలక నోరు తెరుస్తుంది, పాట రాదు, ముక్కుతో పంజరం మీద టక్, టక్ అని కొట్టి ఆగుతుంది. మళ్లీ కొడుతుంది. రాకుమారుడు పాట కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి చెయ్యి వదిలేస్తాడు. పిల్లలు నవ్వారట. పెద్దవాళ్లకు ఎందుకో నవ్వు రాలేదట.

ఇప్పుడు నేను పైడమ్మ ఇంట్లో హార్మోనియం మీద ఉంటున్నాను. కరెంటు లేదు, తిరుగుడు లేదు. దసరాకు ఆవిడ నాకు పొడి కుంకుమ బొట్టు పెడుతుంది, కాయ మాత్రం వీధిలో కొట్టిస్తుంది. పొద్దుపోనప్పుడు నన్ను చెవి దగ్గర పెట్టుకుని, తాళం ఇంకా వినపడుతోందని పక్కింటివాళ్లకు చెబుతుంది. నాలో ఏమీ లేదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పను.