తుఫాను సెలవు

ప్రసన్నకుమారికి మొగుడు ఆనంద్ పాల్ మీద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ, ఆ మంగళవారం పొద్దున్న పుట్టింది మాత్రం కొత్తది. ఆమెకి వచ్చిన సెలవుని ఆమె కంటే ముందు అతను ఖర్చుపెట్టేశాడు.

తుఫాను వస్తోంది కాబట్టి జిల్లాలో బడులన్నిటికీ సెలవు అన్న వార్త టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లో వచ్చింది. అప్పటికి ఆమె వంటింట్లో క్యారేజీకి బెండకాయలు తరుగుతోంది. సోఫాలో కూర్చున్న ఆనంద్ పాల్ అది చదివి, టీ ఒక గుక్క తాగి, రెండో గుక్క తాగేలోపు ఆమె రోజంతా పంచిపెట్టేశాడు.

"ప్రసన్నా, నీకివాళ సెలవంట. మంచిదే అయింది. అటక మీద సామాను దింపు. ఫ్యాన్లు తుడువు. కిటికీ ఊచలు చూశావా, ముట్టుకుంటే చెయ్యి నల్లగా అవుతోంది. వాటర్ ట్యాంకు కడిగి ఎన్నాళ్ళయిందో. ఇప్పుడు కానిచ్చేస్తే క్రిస్మస్‌కి సున్నాలేయించడం తేలికవుద్ది. అదనంగా ఒక రోజు దొరికింది, వాడుకోవాలి."

"అదనం కాదండీ. ఈ సెలవుకి బదులు రెండో శనివారం బడి పెడతారు."

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే."

అతను లెక్కలు రాసే చేపల మేత కొట్టు కూడా ఆ రోజు మూసేశారు. తుఫాను ఇద్దరికీ ఒకటే. కానీ అతనికి వచ్చింది సెలవు, ఆమెకి వచ్చింది అదనపు రోజు. సెలవంటే లుంగీ కట్టుకుని టీవీ ముందు కాళ్ళు చాపుకోవడం. అదనపు రోజంటే చీపురు. ఈ తేడా ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు, పుట్టుకతోనే అందరికీ తెలుసు.

ఆమె ఆ రోజుని ఇంకోలా, చదువుకోవడానికి అనుకుంది. ప్రసన్నకుమారి గుండుగొలను దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఏలూరు సత్రంపాడులో ఇంటి నుంచి ఆటో, ఆటో దిగితే బస్సు, బస్సు దిగితే నడక. పాతికేళ్ళుగా పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తోంది. ఇప్పుడేమో ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాళ్ళు కూడా టెట్ పరీక్ష రాసి పాసవ్వాలనీ, లేకపోతే ఉద్యోగం ఉండదనీ అన్నారు. ఆ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. అత్తగారి బీపీ మాత్రలు, భీమవరం హాస్టల్లో ఉన్న కూతురు జెస్సీ ఫీజు, టీవీ కనెక్షను, టీవీ ముందున్నాయన కట్టిన లుంగీ, అన్నీ ఆ జీతంలోవే. ఇంతమంది ఆనుకుని కూర్చున్న పరీక్షకి చదవడానికి ఆ ఇంట్లో ఆమెకి ఒక మూల లేదు. హాల్లో టీవీ. లోపలి గదిలో అత్తగారు, ఆవిడ ఫోనులో గట్టిగా చర్చి ప్రసంగాలు. భోజనాల బల్ల మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు. ఆమె బస్సులో చదువుతోంది. సీటు దొరక్కపోతే నిలబడి చదువుతోంది, దొరికితే కూర్చుని నిద్రపోతోంది.

మేడ మీద ఒక గది ఉంది. ఆమె పి.ఎఫ్. లోను పెట్టి కట్టించిందే. అది కట్టిన మరుసటి ఏడు ఆనంద్ పాల్ శ్రీపర్రు వైపు రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్నాడు. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువంతా పోయింది. రొయ్యలు పోయాయి గానీ సామాను పోలేదు. అది లారీ ఎక్కి ఏలూరు వచ్చి మేడ మీద గదిలో దిగింది. పోయిన నెల ఆమె మంచి సమయం చూసి, చేపల పులుసు వడ్డిస్తూ అడిగింది.

"ఏవండీ, పరీక్ష అయ్యేదాకా ఆ పైగది ఖాళీ చేసిస్తారా?"

"సామాను ఎక్కడ పెట్టను, నా నెత్తి మీదా? మళ్ళీ చెరువు పట్టినప్పుడు కొత్తవి కొనాలంటే ఎంతవుద్దో నీకేం తెలుసు. చదివేవాళ్ళు వీధిలైటు కింద కూడా చదువుతారు."

"మన వీధిలైటు వెలిగి ఏడాదయిందండీ."

"ఇలా ఎదురు మాట్లాడే తెలివి పరీక్షలో చూపించు."

ఇంకోసారి ఒళ్ళు నొప్పులకి ఓర్చుకోలేక ఆమె నోరు జారింది. "రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువుని ఎండగట్టి, సున్నం చల్లి, కొన్నాళ్ళు ఊరికే వదిలేస్తారు కదండీ. నన్నెప్పుడు వదిలేస్తారు?" ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, మేత కొట్టులో వచ్చినవాడికల్లా చెప్పుకున్నాడు. మా ఆవిడ తనని ఎండగట్టమంటోందిరా అని. అందరూ నవ్వారు. ఒకాయన మాత్రం సున్నం ఎంత చల్లాలో అడిగాడంట. అది కూడా ఇంటికొచ్చి ఆమెకే చెప్పి మళ్ళీ నవ్వాడు.

సరే, పని మొదలైంది. ముందు నీళ్ళ సంగతి చూడాలి. తుఫాను వస్తే కరెంటు పోతుందని అత్తగారు దీవెనమ్మ ముందు రోజే ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెలోనూ నీళ్ళు పట్టించింది. బిందెలు, బకెట్లు, ఇడ్లీ పాత్ర, ఆఖరికి ప్రెషర్ కుక్కరు. అన్నం వండాలంటే తుఫానుని ఒలకబోస్తే గానీ గిన్నె ఖాళీ అవదు. ఆ నీళ్ళతోనే నేలలు కడగడం మొదలుపెట్టింది ప్రసన్నకుమారి.

"ఇల్లు శుభ్రంగా ఉంటే ఆడదాని మనసు కూడా శుభ్రంగా ఉంటుందమ్మాయ్," అంది దీవెనమ్మ, మంచం మీద నుంచి కాళ్ళు పైకి తీసుకుంటూ.

"మరి మీ అబ్బాయి మనసు ఎలా శుభ్రమవుద్దండీ అత్తయ్యగారూ?"

"వాడికేం, మగపిల్లాడు."

మగపిల్లాడికి యాభై రెండు. ఫ్యాను తుడవడానికి ఆమె స్టూలు ఎక్కితే, అది ఊగుతోందని గమనించి, సోఫాలోంచి లేవకుండానే ఒక కాలు చాపి స్టూలుకి ఆనించాడు. అంతకు మించిన సాయం ఆ రోజు అతని వైపు నుంచి రాలేదు కాబట్టి దీన్ని చెప్పుకోవాలి.

"ఆ రెక్క చివర మిగిలిపోయింది చూడు. ఆ, అదే. కంటికి ఆనట్లేదా నీకు?"

ఆమె కంటికి ఆనేది వేరే. ఫ్రిజ్ మీద టెట్ సైకాలజీ పుస్తకం తెరిచి, పేజీలు ఎగరకుండా పప్పుగుత్తి బరువు పెట్టి ఉంచింది. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా నాలుగు వాక్యాలు. కంటి ముందు లేని వస్తువు కూడా లోకంలో ఉంటుందని పసిపిల్లలకి మొదట తెలియదనీ, రెండేళ్ళు నిండేసరికి తెలుస్తుందనీ అందులో రాసి ఉంది. అదే సమయంలో హాల్లోంచి, "ప్రసన్నా, నా కళ్ళజోడు లేదు ఇంట్లో," అని కేక. ఆమె వెళ్ళి అతను కూర్చున్న దిండు ఎత్తి తీసి ఇచ్చింది. ఈ పాఠం ఆమె బట్టీ పట్టనక్కర్లేదు. పరీక్షలో ఉదాహరణ రాయమంటే పేరు, ఇంటి నంబరుతో సహా రాయగలదు.

అటక మీద నుంచి దిగినవాటిలో జిప్పు పోయిన సూట్‌కేసు ఒకటి ఉంది. "ఏవండీ, ఇది పారేయనా?"

"ప్రతిదీ నన్ను అడుగుతావేంటి? పనికిరానిదేదీ ఇంట్లో ఉండకూడదు. అటక మీదున్నా, నేల మీదున్నా, తీసి అవతల పారెయ్యి. ఇల్లంటే అలా ఉంచుకోవాలి."

మధ్యాహ్నానికి ఎండ కాసింది. మామూలు ఎండ కాదు, వడియాలు పెట్టుకోవచ్చు. టీవీలో తుఫాను ఒడిశా వైపు తిరిగిందన్నారు. ఆనంద్ పాల్ దానికి కొంచెం నొచ్చుకున్నాడు. అంత ఏర్పాటు చేసుకున్నాక రాకపోవడం మర్యాద కాదన్నట్టు మొహం పెట్టి, మారు అన్నం కూడా పెట్టించుకుని, దీవెనమ్మ గదిలో ఇంకో మంచం మీద, ఫ్యాను కింద పడుకున్నాడు. ఫ్యాను కొత్తదానిలా తిరుగుతోందని మెచ్చుకున్నాడు కూడా. ఫ్యానుని.

ఆమె ట్యాంకు కడగడానికి మేడెక్కింది. బ్రష్షు పట్టుకుని ట్యాంకు దగ్గరికి వెళ్తుంటే పైగది తలుపు కనపడింది. గడియ తీసింది. తీస్తూనే కుళ్ళిన మేత వాసన. నీళ్ళు చిలికే ఏరేటర్ల రెక్కలు విరిగి ఉన్నాయి, వాటి మోటార్లు ఎప్పుడో కాలిపోయినవి. వలల్లో ఎలుకలు పిల్లలు పెట్టి, పెంచి, ప్రయోజకుల్ని చేసి పంపించేసిన గుర్తులున్నాయి. పైపులు, మేత సంచులు, చేపల ట్రేలు. గోడకి ఆనించి ఒక రేకు బోర్డు, దాని మీద ఎర్ర అక్షరాలతో ఆనంద్ పాల్ ఆక్వా ఫార్మ్స్. చెరువులో ఒక్క రొయ్య పట్టకముందే రాయించిన బోర్డు. వీటన్నిటి వెనకాల ఎక్కడో తూర్పు వైపు కిటికీ ఉండాలి. ఉందని ఆమెకి తెలుసు. దానికి రంగు తనే ఎంచింది.

ఆమెకి కోపం రాలేదు. కోపానికి కూడా తీరిక ఉండాలి. ఇన్నాళ్ళూ తను అడిగింది గది, కానీ అతను ఇచ్చిన పనిలోనే గది ఉందన్న సంగతి ఇప్పుడు తట్టింది. పనికిరానిదేదీ ఇంట్లో ఉండకూడదు. ఇంత స్పష్టంగా అతను జీవితంలో ఏదీ చెప్పలేదు. అయినా అడక్కుండా చేస్తే దొంగతనంలా ఉంటుందని కిందకి దిగి, మంచం పక్కన నిలబడింది.

"ఏవండీ. మేడ మీద గది కూడా శుభ్రం చేసెయ్యనా?"

కళ్ళు తెరవలేదు. "చేసెయ్యి."

"అందులో పనికిరాని సామాను ఉందండీ."

"ఎన్నిసార్లు చెప్పాలే? తీసెయ్యమన్నానుగా."

"తర్వాత నన్ను అనకూడదు మరి."

"హూఁ."

పక్క మంచం మీద దీవెనమ్మ ఫోనులో ప్రసంగం సౌండు తగ్గించింది. "విన్నారుగా అత్తయ్యగారూ," అంది ప్రసన్నకుమారి.

"విన్నాను. కానీ బైబిలు మీద ప్రమాణం మాత్రం చెయ్యనమ్మాయ్."

పాత ఇనుప సామాన్లాయన ఎండ చూసి బండి తీసినట్టున్నాడు, వీధి మొదట్లో మైకు వినపడింది. ఆమె మేడ మీద నుంచే చెయ్యూపి పిలిచింది. అతను పైకొచ్చి గది చూసి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఇదేంటండీ టీచరుగారూ, చెరువే పైకొచ్చేసినట్టుంది. సారుకి తెలుసాండీ?"

"తెలుసు. అడిగే చేస్తున్నాను."

"ఎందుకంటే మొన్న ఒకావిడ మొగుడి బండి అమ్మేసిందండీ. ఆయన సాయంత్రం నా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు, లేవడే."

"మావారు అంత దూరం నడవరు లెండి."

మోటార్లు, రెక్కలు, పైపులు, వలలు దిగాయి. ఆమె కూడా ఒక కొస పట్టుకుంది. దీవెనమ్మ వీధి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, తన ఇత్తడి బిందె గానీ అందులో పోతోందేమోనని ప్రతి మోపుని కళ్ళతో తడిమింది. కొడుకుని లేపొచ్చు. గది పక్కనే, ఒక్క కేక చాలు. లేపలేదు. ఎందుకో ఆవిడకే తెలియాలి. సామాన్లాయన ఇచ్చిన డబ్బు ప్రసన్నకుమారి లెక్కపెట్టకుండా అత్తగారి చేతిలో పెడితే, "కానుక పెట్టెలో వేస్తాలే," అని ఆవిడ రవికెలో దోపుకుంది. ఆ తర్వాత సంగతి దేవుడికి తెలుసు. బోర్డుని మాత్రం ఆమె ఇవ్వలేదు. "రేకు మంచిదండీ, ఇచ్చెయ్యండి," అని అతను రెండుసార్లు అడిగాడు.

గది కడిగింది. ఎలుకల గుర్తులు, మేత మరకలు, గోడకి పట్టిన నాచు. తుఫాను కోసం దాచిన నీళ్ళు అందులోకే ఒలికాయి. కిటికీ రెక్కలు బిగుసుకుపోతే భుజం పెట్టి తోసింది. అవతల కొబ్బరిచెట్ల మీద ఎండ, రైలు వెళ్తున్న చప్పుడు. చేపల ట్రేలు రెండు దొంతర్లుగా పేర్చి, బోర్డుని అక్షరాలు కిందకి తిప్పి వాటి మీద పరిచింది. బల్ల అయింది. కింది నుంచి ఒక కుర్చీ తెచ్చుకుంది. ట్యాంకు కడగలేదు. ఆ మాట పుస్తకం తెరుస్తుంటే గుర్తొచ్చింది, మళ్ళీ మర్చిపోయింది.

ఆనంద్ పాల్ లేచేసరికి సాయంత్రం. ఇల్లంతా తిరిగి కిటికీ ఊచ మీద వేలు రాసి చూసుకున్నాడు, వేలు తెల్లగానే ఉంది. సంతోషించాడు. టీ కోసం పిలిచాడు. పలుకు లేదు. మేడ మెట్ల మీద నీళ్ళు జారి ఉండడం చూసి పైకెక్కాడు. గది తలుపు లోపల గడియ వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే, తన గది అనుకున్నది మొత్తం గోడల దాకా కనపడింది.

"నా ఏరేటర్లేవి?"

"తీసేశానండీ. మీరు చెప్పారుగా."

"నేనెప్పుడు చెప్పాను?"

"మధ్యాహ్నం. అత్తయ్యగారు విన్నారు."

కింద దీవెనమ్మ ఫోనులో ప్రసంగం ఒక్కసారిగా గట్టిగా వినపడసాగింది.

"మళ్ళీ చెరువు పడితే ఏం చెయ్యను?"

"పట్టండి. ఈసారి సామాను గట్టు మీదే పెట్టుకుందురు గాని."

"బోర్డు కూడా ఇచ్చేశావా?"

"లేదండీ. దాని మీదే రాసుకుంటున్నాను."

అతను కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకున్నాడు. అరుద్దామంటే చుట్టుపక్కల మేడల మీద అందరూ తుఫానుకి తడవకుండా దాచి, మళ్ళీ ఎండబెట్టిన పరుపులు తీసుకుంటున్నారు. గొంతు తగ్గించాడు.

"సరే, తలుపు తియ్యి. రాత్రికి వంట చూడవా?"

"మీరు చూడండి. నేనీ పాఠం అవగొట్టి వస్తాను."

"బియ్యం ఎక్కడున్నాయి?"

"వంటింట్లో."

"వంటింట్లో ఎక్కడ?"

ఆమె పేజీ తిప్పుకుంది. అతను ఇంకో రెండు సార్లు అడిగి, మెట్లు చూసుకుంటూ దిగాడు. ఆ జిల్లాలో ఆ తుఫాను ఒక్క చెట్టునీ కూల్చలేదు, ఒక్క పూరిల్లూ ఎగరగొట్టలేదు. నష్టపోయింది ఆనంద్ పాల్ ఒక్కడే: పది అడుగులకి పన్నెండడుగుల గది, తూర్పు కిటికీ, లోపలి గడియ.