సరంగు గారి మీద కట్టిన పాట

నిడదవోలు దగ్గర రైలు కట్ట పోస్తున్న రోజులవి. కాలవ మీద పడవలకి ఇంకా మంచి గిరాకీ ఉండేది. భీమరాజు పడవకి మాత్రం కాస్త తక్కువ. అతని పడవలో పాట ఉండదని అందరికీ తెలుసు.

ఆ ఉదయం పడవ ఎదురునీటికి వెళ్తోంది. గట్టు మీద నలుగురు తాడు భుజాన వేసుకుని లాగుతున్నారు. చుక్కాని దగ్గర పడవ నడిపే సరంగు, భీమరాజు. పడవలో అప్పాయమ్మ, పక్కన మూత కట్టిన గిన్నెలు. ఆవిడ మొగుడు బుల్లియ్య పోయి ఏడాదైంది. నిడదవోలులో మరిది ఇంట్లో సంవత్సరీకం. మధ్యాహ్నంలోగా ఆవిడ అక్కడుండాలి.

బుల్లియ్య ఒకప్పుడు ఈ తాడే లాగేవాడు. ముందు నడుస్తూ అప్పటికప్పుడు పాట కట్టేవాడు. వెనకవాళ్లు అందుకుని, పాట విరిగిన చోటల్లా కుడికాలు కలిపి వేసేవాళ్లు. అడుగు కలిస్తేనే పడవ కదులుతుంది. ఇప్పుడు కలవడం లేదు. తాడు ఓసారి బిగుస్తోంది, ఓసారి నీళ్లలో వేలాడుతోంది.

"సరంగు గారూ, పాట లేకపోతే కుదరదండి" అని అరిచాడు ముందున్న రాముడు.

"పాడుకోండి. వాడివి మాత్రం కాదు."

"మాకు వేరేవి రావండి."

"భజన పాడండి."

భజన ఎత్తుకున్నారు. మొదటి చరణానికి పడవ ఆగింది. రెండో చరణానికి వెనక్కి నడిచింది.

అప్పాయమ్మ పకపకా నవ్వింది. "బావగారూ, ఇలా అయితే సంవత్సరీకం దిగువన నరసాపురంలో పెట్టుకోవాలి. మా ఆయన మీద కోపం చచ్చినా పోదా?"

"చచ్చింది వాడు. నేను కాదు."

భీమరాజు భార్య లోవమ్మ చనిపోయిన నెలకే బుల్లియ్య ఆవిడ మాటలతో పాట కట్టాడు. పడవ ఆలస్యమైన రోజున గట్టు మీద నిలబడి ఆవిడ మొగుణ్ణి దెప్పే మాటలవి. పాట కాలవంతా పాకింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు లోవమ్మ మాటలు పాడుకుని నవ్వారు, ఏడ్చారు. భీమరాజు బుల్లియ్యని పడవ దింపేశాడు. మళ్లీ పలకరించలేదు. బుల్లియ్య పోయినప్పుడు చూడ్డానికీ వెళ్లలేదు.

"మీకేం తక్కువైందండీ? మీ ఆవిడ మీద పాటైనా ఉంది" అంది అప్పాయమ్మ. "నా మీద ప్రేమ పాట కట్టవయ్యా అంటే ఎదురింటి గేదె మీద కట్టాడు. ఇంకోసారి, నేను పొయ్యి దగ్గరుండగానే నన్ను కాటికి పంపి పాట కట్టాడు. విన్నవాళ్లంతా ఆయన్ని ఓదార్చడానికొచ్చారు. వాళ్లకి మజ్జిగ నేనే పోశాను!"

గట్టు మీదవాళ్లు నవ్వు పట్టలేక తాడు వదిలేశారు. పడవ అడ్డం తిరిగి తుంగలోకి దూరింది.

ఎండ ఎక్కుతోంది. అప్పాయమ్మ నవ్వు ఆగింది. "ఆయనకి ముద్ద పెట్టే వేళ దాటిపోతుంది, బావగారూ" అంది. జవాబు కోసం చూడకుండా లోవమ్మ పాటే ఎత్తుకుంది.

*ఇల్లు గుర్తుందా, సరంగు గారూ?*
*నీళ్లనే మనువాడి నన్నేల తెచ్చారు, సరంగు గారూ?*

భీమరాజు తిట్టబోయి ఆగాడు. ఈమధ్య అతనికి లోవమ్మ మాటలు గుర్తొచ్చేవి, గొంతు గుర్తొచ్చేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడా గొంతు పాటలోంచి వచ్చేలా ఉంది. వచ్చినట్టే వచ్చి, చివర్లో తప్పిపోతోంది.

"ఆపు! అలా కాదు" అన్నాడు.

"మరెలా?"

"గౌరవంతో అన్న మాటా అది? దెప్పడం! 'గారూ' దగ్గర పైకి లేపి, సాగదీసి, విసిరెయ్యాలి."

"మాకేం తెలుసు? మీరే లేపండి."

భీమరాజు లేపాడు. తుంగలో కొంగ లేచిపోయింది. అయినా 'గారూ' సరిగ్గా విసిరాడు. లోవమ్మ గట్టు మీద నిలబడ్డట్టే అనిపించింది. నలుగురూ తాడు మళ్లీ భుజాన వేసుకుని పాట అందుకున్నారు. కుడికాలు కలిసింది. పడవ తుంగ వదిలి నీళ్లు చీల్చుకుంటూ సాగింది.

చివరి చరణం భీమరాజు ఎన్నడూ వినలేదు. అంతదాకా ఎవరినీ పాడనివ్వలేదు. రాముడు పాడాడు.

*పిలిచిన గొంతు గట్టునే ఉంది*
*పడవే దాటిపోయింది, సరంగు గారూ.*

భీమరాజు చుక్కాని గట్టిగా పట్టుకున్నాడు. "మళ్లీ పాడు" అన్నాడు.

పొద్దు నడినెత్తికి రాకుండానే నిడదవోలు రేవులో దిగింది అప్పాయమ్మ. గిన్నెలు అందుకుంటూ అడిగింది.

"మా ఆయన్ని మన్నించినట్టేనా?"

"లేదు."

"అయ్యో! మరి?"

"సాయంత్రం తిరుగు పడవ ఉంది. ఎక్కు. రెండో చరణం కూడా తప్పే పాడుతున్నారు."